మా ఓల్డ్ మ్యాన్ కాక్టస్‌కు కత్తి పెట్టాను: ఎనిమిది నెలల నా అనుభవం

12 ఏళ్ల కిందట ఇంటికి తెచ్చినప్పుడు మా ఓల్డ్ మ్యాన్ కాక్టస్ ఎత్తు 7 సెంటీమీటర్లు. ఈ ఏడాది ఫిబ్రవరిలో టేపు పెట్టి కొలిస్తే 46. అంటే ఏడాదికి 3 సెంటీమీటర్ల పైచిలుకు, అంతే. ఇలాంటి మొక్కకు కత్తి పెట్టాలంటే చెయ్యి రాదు. నాకూ రాలేదు. ఆ జంకు వల్ల ఏం పోగొట్టుకున్నానో, చివరికి కోశాక ఏం జరిగిందో తేదీలతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను. నెమ్మదిగా పెరిగే కాక్టస్ ఇంట్లో ఉండి, కోయాలా వద్దా అని దాని చుట్టూ తిరుగుతున్నవాళ్లకు పనికొస్తుందని ఇప్పుడు వరసగా చెబుతున్నాను.

చూడనివాళ్ల కోసం ఒక్క మాట. ఇది స్తంభంలా నిలువుగా పెరుగుతుంది. ఒళ్లంతా పొడవాటి తెల్లని వెంట్రుకలు. అందుకే ఆ పేరు. మా ఇంట్లో అందరం తాత అనే అంటాం. "తాతకు నీళ్లు పోశావా", "తాతను కాస్త వెలుతురులోకి జరుపు" ఇలా.

కోయాల్సిన పరిస్థితి తెచ్చింది నేనే. ఆరేళ్ల కిందట ఇల్లు మారినప్పుడు కిటికీకి దూరంగా, అల్మరా పక్కన ఒక మూల అందంగా ఉంటుందని అక్కడ పెట్టాను. రెండేళ్లు అక్కడే ఉంది. వెలుతురు చాలకపోతే కాక్టస్ పెరగడం మానేయదు. వెలుతురు వెతుక్కుంటూ సన్నగా సాగుతుంది, ఒళ్లు పట్టదు. ఆ రెండేళ్లలో వచ్చిన 6 సెంటీమీటర్లు అలా వచ్చినవే. వెంట్రుకలు నిండుగా ఉండటంతో నాకు కనపడలేదు. బయటికి అంతా ఒకేలా తెల్లగా ఉండేది. ఒకరోజు దుమ్ము దులుపుతూ చేత్తో పట్టుకుంటే, లోపల సన్నబడిందని వేళ్లకు తెలిసింది. గుండె జారింది. వెంటనే కిటికీ దగ్గరికి మార్చాను.

అక్కణ్నుంచి మళ్లీ లావుగా పెరిగింది. నాలుగేళ్లలో 13 సెంటీమీటర్లు. కింద మొదలు 7 సెంటీమీటర్ల మందం, పైన తల ఆరున్నర, మధ్యలో మెడ మాత్రం మూడున్నర. మెడ కూడా మెల్లగా లావెక్కి సర్దుకుంటుందని నాలుగేళ్లూ ఆశపడ్డాను. సర్దుకోదు. ఒకసారి సన్నగా వచ్చేసిన భాగం తర్వాత ఎంత ఎండ తగిలినా మిగతా ఒంటితో సమానం కాదు. పైన తల బరువు పెరుగుతున్న కొద్దీ ఆ మెడ మీదే భారం పడుతుంది.

ఫిబ్రవరి మొదటి వారంలో వంగడం మొదలైంది. పక్కన కర్ర పాతి గుడ్డ పీలికతో కట్టాను. మార్చి 2న వెంట్రుకలు దువ్వుతున్నాను. నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దువ్వుతాను, లేకపోతే దుమ్ము పట్టి ఉండలు కడతాయి. మెడ దగ్గర వెంట్రుకలు పాయ తీసినప్పుడు సన్నటి గోధుమరంగు గీత కనిపించింది. పుల్లతో నొక్కితే మెత్తగా దిగింది. స్కేలు పెట్టి చూస్తే సెంటీమీటరు పొడవుంది.

ఫోటో తీసి అక్కకు పంపాను. అక్క 20 ఏళ్లుగా కాక్టస్‌లు పెంచుతోంది. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"వంగినప్పుడు అక్కడ చీలిందే. అందులోంచి కుళ్లు పట్టింది. కోసెయ్, ఇవాళో రేపో."

"ఎండి ఆగిపోతుందేమో చూద్దామక్కా. పైన నాలుగేళ్ల పెరుగుదల ఉంది."

"ఆ నాలుగేళ్లదీ దక్కాలంటేనే కొయ్యమంటున్నా. ముందు నీళ్లు ఆపు."

నీళ్లు ఆపాను. కోయలేదు. రోజూ పొద్దున్నే స్కేలు పట్టుకుని వెళ్లేదాన్ని. మార్చి 5న గీత ఉన్నంతే ఉన్నట్టనిపించింది, ప్రాణం లేచొచ్చింది. 8న ఒకటిన్నర సెంటీమీటర్లు. 11న కొలవలేదు, కావాలనే. ఈలోపు దొరికిందల్లా చదివాను. అమెరికా ఎడారిలోని సాగ్వారో కాక్టస్ మొదటి ఎనిమిదేళ్లలో 4 సెంటీమీటర్లు కూడా దాటదని చదివి, మా తాత దాంతో పోలిస్తే నయమే అనుకున్నాను. సొంత గడ్డ మెక్సికోలో మా తాత జాతి పది మీటర్లు దాటి పెరుగుతుంది. చాలా ఎత్తు ఎదిగితే గానీ పూయదు. కుండీలో పువ్వు మీద ఆశ ఎలాగూ లేదు. నాకు ఉన్నదల్లా ఆ ఎత్తే. అందులోంచి కోసి పారెయ్యాలంటే పెంచిన ఏళ్లు పారేస్తున్నట్టు ఉండేది.

మార్చి 14 ఉదయం గీత 2.2 సెంటీమీటర్లు అయింది. గీత చుట్టూ ఉన్న వెంట్రుకలు తడిసినట్టు అతుక్కుపోయి ఉన్నాయి. ఇక ఆగలేదు.

ఆ రోజు గాలి పొడిగా ఉంది, వాన సూచన లేదు. అది ముఖ్యం. మొక్క పెరిగే కాలంలో, వెచ్చగా, పొడిగా ఉన్నప్పుడు కోస్తే గాయం త్వరగా ఆరుతుంది. చలిలోనో ముసురులోనో కోస్తే ఆరకముందే కుళ్లుతుంది. నా విషయంలో కాలం కలిసొచ్చింది గానీ, కుళ్లు మొదలైతే ఏ కాలమైనా కోయక తప్పదని అక్క అంది.

సరంజామా సర్దుకోవడానికే రెండు గంటలు పట్టింది. పొడవాటి, పలచటి కత్తి ఒకటి. రంపపు పళ్ల కత్తి వద్దు, కండను చింపేస్తుంది. సర్జికల్ స్పిరిట్, బోలెడంత దూది, గోళ్ల కత్తెర, చిన్న కత్తెర, గంధకం పొడి, మందపాటి తోలు గ్లవ్స్, పాత న్యూస్‌పేపర్లు, మెత్తటి కాటన్ గుడ్డ. ముందు ఊలు గ్లవ్స్ వేసుకున్నాను. తప్పయిపోయింది. వెంట్రుకలు ఊలుకు చుట్టుకుని, చెయ్యి తియ్యబోతే ఒక కుచ్చు ఊడి వచ్చింది. ఆ ఊడిన చోట కింద ఏముందో అప్పుడే సరిగ్గా చూశాను. పసుపుపచ్చని గట్టి ముళ్లు. వెంట్రుకలంతా మెత్తగా కనిపించి మనల్ని ఏమార్చేస్తాయి. వాటి చాటున ఉన్న ముళ్లు మాత్రం సూదులే. ఊలులోంచి మూడు దిగాయి. రెండు ట్వీజర్‌తో వచ్చాయి. బొటనవేలి మొదట్లో దిగినది విరిగి లోపలే ఉండిపోయింది. ఆరు రోజులు ఆ వేలితో పెన్ను పట్టుకోలేకపోయాను. తోలు గ్లవ్స్ మొదటే వేసుకోండి.

తర్వాత చేసిన పని నేను ఎక్కడా చదవనిది, అక్క ఫోన్‌లో చెప్పినది. కోయబోయే చోట చుట్టూ రెండు వేళ్ల వెడల్పున వెంట్రుకలు కత్తిరించెయ్యాలి. లేకపోతే కత్తితో పాటు వెంట్రుకలు గాయంలోకి వెళ్లి జిగురుకు అతుక్కుంటాయి, అక్కడ తేమ నిలుస్తుంది. చిన్న కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించాను. తెల్లటి కుచ్చులు న్యూస్‌పేపరు మీద పడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. 12 ఏళ్లలో తాత ఒంటి రంగు ఏమిటో నేను ఎన్నడూ చూడలేదు. అంతా తీశాక కనిపించింది. లేత బూడిద కలిసిన ఆకుపచ్చ, నిలువునా గాళ్లు గాళ్లుగా, గాడికీ గాడికీ మధ్య గట్టు మీద వరసగా బొడిపెలు. ప్రతి బొడిపె నుంచీ ముళ్లూ వెంట్రుకలూ. ఆ ముళ్లను గోళ్ల కత్తెరతో మొదలంటా తీసేశాను. ఆ పచ్చటి ఒంటి మీద గోధుమరంగు మచ్చ వెంట్రుకల మీంచి చూసినదానికంటే పెద్దగా ఉంది. వెనకవైపుకి కూడా పాకింది.

తలను కాటన్ గుడ్డతో చుట్టి, దాని మీద న్యూస్‌పేపరు మడతలు చుట్టి, దాన్ని పైనుంచి పట్టుకోమని మా అమ్మాయికి చెప్పాను. తల ఒక్కసారిగా పడకూడదు. కత్తిని స్పిరిట్‌తో తుడిచి, స్పిరిట్ పూర్తిగా ఆరేదాకా ఆగాను. మధ్యాహ్నం 12:10కి మెడ పైభాగంలో, 33వ సెంటీమీటరు దగ్గర కత్తి పెట్టాను. రంపంలా అటూ ఇటూ లాగకుండా ఒకే వైపు మెల్లగా జార్చుకుంటూ పోవాలి. పచ్చి దోసకాయ తెగినట్టు తెగింది. మధ్యలో మాత్రం కాస్త గట్టిగా తగిలింది, పుల్లలా. అది దాటగానే తల మా అమ్మాయి చేతిలోకి వచ్చేసింది. పట్టుమని ముప్పై సెకన్లు కూడా లేదు.

తల తిప్పి చూశాను. అంచున ముదురాకుపచ్చ, లోపల తెల్లటి కండ, దాని మధ్యలో ఉంగరంలా ఒక వలయం. నీళ్లు పైకి మోసే నాళాలు ఆ వలయంలోనే ఉంటాయి. అంతా శుభ్రంగా ఉండుంటే ఎంత బాగుండేదో. వలయంలో ఒకచోట, గుండుసూది తల కన్నా కొంచెం పెద్దగా, నారింజ రంగు చుక్క ఉంది. దాని పక్కన ఇంకా చిన్నవి రెండు. కుళ్లు ముందు ఈ నాళాల వెంటే పాకుతుంది. పైన చర్మం నిక్షేపంగా కనిపిస్తున్నా లోపల నడుస్తూ ఉంటుంది. ఒక్క చుక్క వదిలేసినా మొత్తం తల పోతుంది.

మళ్లీ కత్తి తుడిచి, ఆరనిచ్చి, సెంటీమీటరు మందాన ఒక చక్రం కోశాను. పెద్ద చుక్క చిన్నదైంది, పోలేదు. మళ్లీ తుడిచి, ఆరనిచ్చి, ఇంకో సెంటీమీటరు. ఈసారి శుభ్రం. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, ఫోన్ టార్చి వేసి, భూతద్దం పెట్టి నాలుగైదుసార్లు చూశాను. ప్రతి కోతకీ కత్తి తుడవడం విసుగనిపిస్తుంది గానీ మానకండి. తుడవకపోతే కుళ్లిన ముక్క రసాన్ని మంచి ముక్కకు మనమే పూస్తాం.

ఆ రెండు చక్రాలు చేతిలో పెట్టుకుని కూర్చుండిపోయాను. మార్చి 2న గీత సెంటీమీటరు ఉన్నప్పుడే కోసి ఉంటే బహుశా ఈ రెండూ తలతోనే ఉండేవి. పన్నెండు రోజులు జాలిపడి దాని ఒంట్లోంచి ఏడెనిమిది నెలల పెరుగుదల తీసేశాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

తర్వాత కింది మోడు. మెడ మొత్తం తీసెయ్యాలి కాబట్టి 27వ సెంటీమీటరు దగ్గర కోశాను. అక్కడ ముదిరిపోయి ఉంది, కత్తి మీద రెండు చేతుల బలం పెట్టాల్సి వచ్చింది. అందులోనూ ఒక లేత చుక్క. ఇంకో సెంటీమీటరు తీస్తే శుభ్రమైంది. చివరి కోత కొంచెం ఏటవాలుగా కోశాను, పైన నీటిచుక్క నిలవకుండా. లెక్క చూస్తే మెడ 6, తలలోంచి 2, మోడులోంచి 1. మొత్తం 9 సెంటీమీటర్లు. మిగిలింది 11 సెంటీమీటర్ల తల, 26 సెంటీమీటర్ల మోడు.

తలకు ఇంకో పని ఉంది. కోసిన అడుగు అంచులను పెన్సిల్ చెక్కినట్టు చుట్టూ ఏటవాలుగా చెక్కాలి. ఎందుకో ఎనిమిదో రోజుకు తెలిసింది. ఆరుతున్నప్పుడు లోపలి కండ ముడుచుకుని లోనికి పోతుంది, బయటి చర్మం గట్టిది కాబట్టి ముడుచుకోదు. చెక్కకపోతే అడుగు గిన్నెలా గుంటపడుతుంది. వేళ్లు పుట్టేది మధ్య వలయం నుంచి. అది గుంటలో ఉండిపోతే మట్టికి అందదు. చెక్కాక రెండు గాయాల మీదా గంధకం పొడి పలచగా అద్దాను. ఊదితే ముక్కులోకి పోతుంది, దూదితో అద్దడమే మేలు. టైము చూస్తే 12:50.

తలను కిచెన్ తక్కెడ మీద పెట్టాను. 338 గ్రాములు. పుస్తకంలో రాసుకున్నాను. ఈ తూకం ఆలోచన ఊరికే వచ్చింది, తర్వాత నాకు అన్నిటికంటే ఎక్కువ ధైర్యం ఇచ్చింది అదే.

ఆరబెట్టడానికి వైర్ బుట్టను బోర్లించి, దాని మీద తలను నిటారుగా నిలబెట్టాను. అడుగుకు గాలి తగలాలి, అందుకే గ్లాసులో పెట్టలేదు. పడుకోబెట్టకూడదు. పడుకోబెడితే వారాల తరబడి ఉండేసరికి కొన వెలుతురు వైపు వంకర తిరుగుతుంది. నేరుగా ఎండ తగలని, వెలుతురున్న గదిలో పెట్టాను. మామూలు మొక్కల కొమ్మలు నాటినప్పుడు తేమ పోకుండా కవరు కప్పుతాం కదా, దీనికి అది పూర్తిగా వద్దు.

రెండో రోజు అడుగు జిగటగా మెరుస్తోంది. నాలుగో రోజుకు పల్చటి పొర. తొమ్మిదో రోజు పొద్దున చూస్తే అడుగున ఒక పక్క తెల్లటి నూగు! బూజు పట్టేసిందని కాళ్లు చేతులు ఆడలేదు. అక్కకు ఫోన్ చేస్తే, "కంగారు పడకుండా ట్వీజర్‌తో లాగి చూడు" అంది. లాగితే పొడుగ్గా దారంలా వచ్చింది. తాత వెంట్రుకలే. కోసిన రోజు రాలినవి జిగురుకు అంటుకుని ఉన్నాయి. అవన్నీ ఒక్కొక్కటిగా తీశాను. కుర్చీలో కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను.

పన్నెండో రోజుకు పక్కు గట్టిగా కట్టింది. గోటితో తడితే టక్కుమని చప్పుడు. మామూలుగా సన్నటి కాక్టస్ ముక్కలకు వారం పది రోజులు చాలంటారు. ఆరున్నర సెంటీమీటర్ల గాయానికి నెల దాటినా తొందరపడొద్దని అక్క చెప్పింది. 38 రోజులు ఆరనిచ్చాను. ఏప్రిల్ 21న తూకం 296 గ్రాములు. 38 రోజులు నీటి చుక్క లేకుండా గాల్లో ఉండి 42 గ్రాములు తగ్గింది, అంతే. కాక్టస్ పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి చల్లబడ్డాకే తెరుస్తుందని చదివాను గానీ, తక్కెడ మీద అంకె చూశాక నమ్మకం కుదిరింది. ఎండిపోతోంది, చచ్చిపోతోంది అన్న టెన్షన్ అప్పుడు తగ్గింది. గాళ్లు కాస్త లోతయ్యాయి, ఒళ్లు కొంచెం ముడత పడింది. అది సహజమే.

అదే రోజు కుండీలో కూర్చోబెట్టాను. చిన్న మట్టికుండీ, తల మందం కన్నా రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే వెడల్పు. రెండు వంతులు ప్యూమిస్ (తేలికగా, చిల్లులు చిల్లులుగా ఉండే రాళ్లు), ఒక వంతు కుండీ మట్టి. పాతిపెట్టలేదు. పైపైన ఆనించి, పడిపోకుండా చుట్టూ గులకరాళ్లు పేర్చి, మూడు పుల్లలు ఆసరా పెట్టాను. పూర్తిగా పొడి మట్టి. నీళ్లు పొయ్యలేదు.

ఇక్కడ రెండో తప్పు చేశాను. వేళ్లు వచ్చాయేమో అని నాలుగు రోజులకోసారి ఎత్తి చూసేదాన్ని. మే నెలంతా ఏమీ లేదు. 50వ రోజు లేదు, 58వ రోజు లేదు, 66వ రోజు లేదు. ఇక రావేమో అనుకున్నాను. మే 27న, 74వ రోజు, ఎత్తగానే సన్నగా టిక్ మంది. అడుగున వలయం చుట్టూ బియ్యపుగింజంత తెల్లటి మొలకలు నాలుగు ఉన్నాయి. ఐదోది రాయికి పట్టుకుని విరిగిపోయింది. ఆ చప్పుడే నేను విన్నది. అంత ఎదురుచూసిన వేరును నా చేత్తోనే విరిచాను. తూకం 281 గ్రాములు. మళ్లీ అలాగే పెట్టేసి, కుండీ మీద టేపు అంటించి "ముట్టుకోవద్దు" అని రాశాను. ఆ మాట నా కోసమే.

జూన్ 2న మొదటిసారి నీళ్లు. కుండీ అంచు వెంట పావు గ్లాసు, తలకు తగలకుండా. ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు, కుళ్లిపోతుందేమోనని. తొమ్మిది రోజులకు గాళ్లలో ముడతలు సాఫు కావడం కనిపించింది. తాగుతోంది! మట్టి పూర్తిగా ఆరాక, ఇంకో వారం ఆగి మళ్లీ పావు గ్లాసు. జూలై 12న, 120వ రోజు, గుడ్డతో పట్టుకుని మెల్లగా కదిపాను. కదల్లేదు, మట్టిని పట్టుకుంది. పుల్లలు తీసేశాను.

మోడు సంగతి ఇన్నాళ్లూ చెప్పలేదు. నిజానికి నేనూ దాన్ని పట్టించుకోలేదు. తల దక్కితే చాలన్నట్టు ఉన్నాను. గాయం ఆరేదాకా మూడు వారాలు నీళ్లు ఆపి, తర్వాత పైన తడవకుండా అంచు వెంట పోస్తూ వచ్చాను. పైన కోసిన చోట గోధుమరంగు పక్కు కట్టి, మధ్య వలయం కాస్త ఎత్తుగా నిలిచింది. అలా వెంట్రుకల నడుమ బోడిగా ఉన్న ఆ మోడును చూడలేక గది మూల తిప్పి పెట్టాను. అక్క తిట్టింది. "వెలుతురు తక్కువై కదా ఇంత జరిగింది, మళ్లీ మూలకు నెడతావా" అంది. ఆ మాట సూటిగా తగిలింది. అదే రోజు కిటికీ ముందు పెట్టాను.

జూన్ 19, 97వ రోజు. కోసిన అంచుకు సెంటీమీటరు కింద, కిటికీ వైపు, ఒక బొడిపె ఉబ్బినట్టు అనిపించింది. మర్నాడు భూతద్దంతో చూస్తే బొడిపె మధ్యలో దూది పింజలా కొత్త తెలుపు. పై కొన ఉన్నంతకాలం కింది బొడిపెలు నిద్రపోతూ ఉంటాయి. కొన పోగానే కోతకు దగ్గరున్నవి లేస్తాయి. జూలై చివరికి దాని పక్కనే ఇంకోటి లేచింది. ఆగస్టులో రెండూ బఠాణీ గింజంత గుండ్రంగా అయ్యాయి. ఇంకా పచ్చరంగు కనపడకముందే వెంట్రుకలు వచ్చేశాయి, పట్టులా, తాత వెంట్రుకల కన్నా తెల్లగా. ఆ రెండు కుచ్చులను రోజూ చూస్తాను గానీ ముట్టుకోను.

ఖర్చు సంగతి అడిగితే, గ్లవ్స్, గంధకం, ప్యూమిస్ తప్ప కొన్నది లేదు. మిగిలినవన్నీ ఇంట్లోవే. ఖర్చయ్యిందల్లా ఓపికే. ఒక విషయం ముందే తెలుసుకుని దిగండి. మోడు మీద కోత గుర్తు ఎప్పటికీ పోదు. పిలకలు ఎంత పెరిగినా పక్కనుంచి పక్క కొమ్మల్లానే ఉంటాయి, పాత నిలువు స్తంభం రూపం మళ్లీ రాదు. తల కూడా ఈ ఏడాది పెరుగుదల దాదాపు పోగొట్టుకుంది. దాని బలమంతా వేళ్లకే పోయింది. అందం కోసం మాత్రమే అయితే నెమ్మదిగా పెరిగే కాక్టస్‌ను కోయమని నేను చెప్పను. మెడ సన్నగా ఉండి పైన బరువెక్కుతుంటే మాత్రం, కుళ్లు పట్టేదాకా ఆగకుండా, ఒళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడే కోయడం మంచిది. అప్పుడు చక్రాలు చక్రాలుగా తరగాల్సిన పని ఉండదు.

నవంబర్ 10న, అంటే 241వ రోజు, మళ్లీ టేపు పట్టుకున్నాను. తల 11.4 సెంటీమీటర్లు. నడినెత్తిన కొత్త వెంట్రుకలు బిగుతుగా, కొద్దిగా ముందుకు వంగి వచ్చాయి. మోడు మీద పెద్ద పిలక 9 మిల్లీమీటర్లు, చిన్నది 5. రెండూ ఒకే వైపు, వేలెడు దూరం కూడా లేకుండా ఉన్నాయి. ఇలాగే పెరిగితే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ రాత్రి అక్కకు ఫోటో పంపితే, "చిన్నదాన్ని తీసెయ్యాలి, తెలుసుగా" అంది.

"తెలుసు. చలి పోయి ఎండలు మొదలవగానే తీస్తా. మార్చి మొదటి ఆదివారం."

అక్క ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేశాక మోడు కుండీ మీద టేపు అంటించి ఆ తేదీ రాశాను.